లోపలి గడియ

జేబులో తాళంచెవి పెట్టుకుని లేదని చెప్పిన మనిషి ప్రార్థన దేవుడు వింటాడా అన్నది పుస్తకాలు కుట్టే బైండరుకి ఆరేళ్లుగా ఉన్న అనుమానం. ఎవరినైనా అడగాలంటే ముందు ఆ తాళంచెవి ఏదో, ఎవరికి లేదన్నాడో చెప్పాలి. అందుకే అడగలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. రోజూ పొద్దున్నే మోకరించి ఇంటిల్లిపాదినీ దేవుడికి అప్పగించుకునేవాడు. చివర్లో కుడిచెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయేది. అప్పుడు ఆమెన్ కొంచెం తొందరగా అనేసి లేచేవాడు.

అది కూతురి పెళ్లినాటి మాట. ముందురోజు వానకి మందిరం మెట్ల నిండా బురద పేరుకుంది. పెళ్లివారు వచ్చే వేళయింది. వీధి ఊడ్చే ఆవిడ అతని కంగారు చూసి, తన పొడుగుకర్ర చీపురు చేతికిచ్చి, “కానివ్వండి, తర్వాత తీసుకుంటాలే” అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, వెనకాల బాత్రూం ఒక్కసారి వాడుకోవచ్చా అని అడిగింది. మందిరం తాళాలన్నీ అతని దగ్గరే ఉంటాయి. ఆ బాత్రూం పెళ్లివారి కోసమని అంతకుముందు రోజే దగ్గరుండి కడిగించాడు. “తాళంచెవి నా దగ్గర లేదమ్మా” అన్నాడు. ఆమె తలూపి వెళ్లిపోయింది. చీపురు కోసం మళ్లీ రాలేదు. అతనూ తీసుకెళ్లి ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఆమె మొహం చూడాలి.

ఆ చీపురు ఇప్పటికీ మందిరం సామాన్ల గదిలో తలుపు వెనకే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ గదిలోనే కమిటీ కూర్చుంది. కమిటీలో ఏడుగురు. మాట్లాడేది ముగ్గురు. సంఘకాపరిని, అంటే అయ్యగారిని, లెక్కిస్తే నలుగురు.

ఈ ఏడు వీధి కోసం కొత్త పరిచర్య ఏదైనా మొదలుపెట్టాలని అయ్యగారు నెల క్రితమే చెప్పారు. లెక్కల మాస్టారు రిటైరై నాలుగేళ్లయినా చేతిలో చార్టు లేకుండా మాట్లాడరు. ట్యూషన్ సెంటరు బొమ్మ గీసి తెచ్చి, బల్లలు ఎన్ని, బల్లకి ఎందరు, ఎవరు ఎటువైపు కూర్చోవాలి, అన్నీ చూపించారు. స్త్రీల సమాజం నడిపే టైలరమ్మ కుట్టు క్లాసులు అంది. ఆమె మెడలో కొలతల టేపు ఆదివారం కూడా ఉంటుంది. అదేంటంటే అలవాటు అంటుంది.

అయ్యగారు అన్నీ విని, కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఏం చెయ్యాలో మనందరికీ తెలుసు. ఎవరి కోసం చెయ్యాలో మాత్రం తెలీదు. ఈ వారం ఏమీ తేల్చొద్దు. రోజూ ఒక్కొక్కరు ఒక గంట మన గేటు దగ్గర నిలబడదాం. కంటికి కనిపించింది రాసుకుందాం. మనం అనుకున్నది వద్దు, కనిపించింది మాత్రమే. శనివారం ఒకరికొకరు చదివి వినిపించుకుని, అప్పుడు ప్రార్థన చేద్దాం.”

“గంటసేపు ఊరికే నిలబడటానికి మనమేమన్నా గేటు స్తంభాలమా అయ్యగారూ?” అన్నారు మాస్టారు.

“స్తంభాలు చూడవు కదండీ. మనం చూద్దాం.”

టైలరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు చార్టు చుట్టేశారు. గంటలు పంచుకుంటే పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర దాకా బైండరుకి పడింది. గేటు తెరిచేది ఎలాగూ అతనే.

రాసుకోవడానికి పుస్తకాలు కావాలన్నారు. ఆదివారం పని ముట్టని బైండరు ఆ సాయంత్రం మాత్రం, దేవుడి పనే కదా అనుకుని, ముందుగదిలో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పదహారేసి కాగితాలు మడిచి, చెక్క పలకతో మడత నొక్కి, ఆరతో మూడు చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టాడు. ఎనిమిది చిన్న పుస్తకాలయ్యాయి. వాటిని బరువు కింద పెట్టి పడుకున్నాడు.

సోమవారం అతను రాసింది మూడు ముక్కలు: పాల సైకిలు. నడకకి వెళ్లే ఇద్దరు పెద్దవాళ్లు. కుక్క. ఇంకా యాభై నిమిషాలు మిగిలాయి. ఊరికే నిలబడటం ఇంత కష్టమని అతనికి తెలీదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒకటి జేబు మీదికి పోయింది.

అప్పుడు ఊడ్చేవాళ్ల తోపుడు బండి మలుపు తిరిగింది. నలుగురు ఆడవాళ్లు. ముందున్నది ఆవిడే. వీధంతా ఆమెను పెద్దక్క అంటుంది. వయసులో ఆమె కంటే పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. అతను మాత్రం ఇంతవరకు ఏమనీ పిలవలేదు. గేటు స్తంభం పక్కకి కొంచెం జరిగి నిలబడ్డాడు.

నలుగురూ వీధిని రెండు అంచుల నుంచి మధ్యకి ఊడ్చుకుంటూ వచ్చారు. పెద్దక్క విసురు పొడుగ్గా, ఒకే లెక్కలో సాగుతోంది. చెత్త ఆమె ముందు గీత గీసినట్టు జరుగుతోంది. మందిరం ప్రహరీ దగ్గరికి వచ్చాక చీపురు గోడకి ఆనించి, బండిలోంచి నీళ్ల సీసా తీసింది. నోటినిండా నీళ్లు పోసుకుని, పుక్కిలించి, కాలువలో ఉమ్మేసింది. మూత బిగించి మళ్లీ బండిలో పెట్టేసింది.

మంగళవారం కూడా అంతే. బుధవారం ఎండ తొందరగా ఎక్కింది. నలుగురిలో చిన్నది సీసా ఎత్తి గటగటా రెండు గుక్కలు తాగేసరికి పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

“చాల్లేవే. ఇంకా మార్కెట్టు వీధి మొత్తం ఉంది.”

“గొంతు ఎండిపోతోంది పెద్దక్కా.”

“ఎండనీ. నోరు తడుపుకో, మింగకు.”

బైండరు అది ఉన్నది ఉన్నట్టు రాశాడు. రాశాక మళ్లీ చదువుకున్నాడు. సీసా నిండా నీళ్లున్నాయి. మింగకు అనడం ఏంటో అతనికి అర్థం కాలేదు.

గురువారం మధ్యాహ్నం పాత పాటల పుస్తకాలకి కొత్త అట్టలు వేస్తున్నాడు. భార్య పొయ్యి మీద పిండి జిగురు కలిపి, ఉండలు కట్టకుండా తిప్పుతూ తెచ్చి పక్కన పెట్టింది. బల్ల మీదున్న చిన్న పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది.

“ఇదేంటి, మింగకు అందా?”

“అదే నాకూ అర్థం కాలేదు. ఏదన్నా మొక్కుబడేమో.”

ఆమె పుస్తకం మూసి అతనికేసి చూసింది.

“ఇన్ని పుస్తకాలకి కుట్లేశారు. ఆ మాత్రం తెలీదా మీకు? నాలుగున్నరకి ఇల్లు వదిలిన ఆడమనిషి మళ్లీ ఇల్లు చేరేసరికి ఒంటిగంట. మధ్యలో నీళ్లు తాగితే ఎక్కడికి పోతుంది? మీకేం, ఏ గోడ దొరికినా నిలబడతారు.”

బైండరు చేతిలో బ్రష్షు అట్ట మీద ఆగింది. జిగురు ఒకచోటే గుట్టగా దిగింది. అతను దాన్ని సర్దలేదు.

“రోజూనా?” అన్నాడు.

“రోజూ కాక, వారానికోసారి తాగుతారా ఏంటి?”

ఆరేళ్లంటే ఎన్ని రోజులో అతను లెక్కేయబోయి ఆగిపోయాడు. అది మాస్టారు లెక్క. బ్రష్షు గిన్నె మీద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు. పెళ్లి రోజు, చీపురు, ఆమె అడిగింది, తను అన్నది. చెప్పేంతసేపూ అట్టనే చూశాడు. ఆ గుట్ట పైన పొర కట్టింది.

“తాళంచెవి జేబులోనే ఉంది” అన్నాడు చివరికి.

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఆ చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరు? తాళంచెవి జేబులో పెట్టింది ఎవరు? మీరు ఆవిడతో అంటున్నప్పుడు నేను పూలబుట్టతో మీ వెనకే ఉన్నాను.”

“మరి ఇన్నాళ్లూ ఒక్క మాటా అనలేదే.”

“మీరే చెబుతారని చూశాను. ఆరేళ్లంటే కొంచెం ఎక్కువే తీసుకున్నారు.” ఆమె బ్రష్షు తీసి ఆ గుట్టని తనే అట్టంతా పరిచింది. “పాడైపోతుంది, ముందు ఇది అంటించండి.”

అతను అంటించాడు. అంచులు లోపలికి మడిచి, మూలలు నొక్కి, అట్టని బరువు కిందికి తోశాడు. లేచి నిలబడితే నడుం తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది. కానీ అది సగమేనని అతనికి తెలుసు.

శుక్రవారం గేటు దగ్గర గంట అయ్యాక మందిరం వెనక్కి వెళ్లి బాత్రూం తాళం తీశాడు. తాళం తుప్పు పట్టి, చెవి రెండుసార్లు తిప్పితేగాని లొంగలేదు. లోపల సాలెగూళ్లు. ట్యాపు బిగుసుకుపోయింది. నేల మీద టైల్స్ మాత్రం పెళ్లినాడు ఎలా ఉన్నాయో అలాగే, దుమ్ము కింద తెల్లగా ఉన్నాయి.

శనివారం సాయంత్రం సామాన్ల గదిలో అందరూ పుస్తకాలు తెరిచారు. మాస్టారు ముందు లేచారు.

“నాలుగు నుంచి అయిదు మధ్య గేటు ముందు నుంచి వెళ్లినవారు నూటపన్నెండు మంది. అందులో పిల్లలు ముప్ఫై ఒక్కరు. ముప్ఫై ఒక్కరూ ట్యూషన్ నుంచే వస్తున్నారు.” ఆయన ఆగి, గొంతు సవరించుకున్నారు. “అడిగాను. కొందరికి రెండేసి ట్యూషన్లు. ఇక మనం కూడా పెడితే ఆ పిల్లలు మనల్ని క్షమించరు.”

గదిలో నవ్వులు లేచాయి. మాస్టారు కూడా నవ్వి కూర్చున్నారు. ఆ చార్టు మళ్లీ ఎవరూ చూడలేదు.

టైలరమ్మ వంతు వచ్చింది. “ఈ వీధిలో కుట్టు మిషను లేని ఇల్లు తక్కువ. కుట్టించుకునేవాళ్లే లేరు. అది వదిలేద్దాం. ఇంకోటి రాశాను, చదవనా? మార్కెట్టుకి వచ్చిన ఇద్దరు, వేర్వేరు రోజుల్లో, లోపల బాత్రూం ఉందా అమ్మా అని అడిగారు. తాళం వేసుంటుంది అన్నాను.” పుస్తకంలోంచి తలెత్తకుండా అంది, “రాస్తుంటే గాని నేనలా అన్నానని నాకే తెలీలేదు.”

బైండరు తన మూడు పేజీలూ చదివాడు. మింగకు అన్న ముక్క రెండుసార్లు చదివాడు. అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. టైలరమ్మ మొహంలోనే ఉంది.

“తెరుద్దాం అంటావు” అన్నారు మాస్టారు మెల్లగా. “బయటివాళ్లు వాడితే పాడవుతుందని మనమే తీర్మానం రాసుకున్నాం కదా.”

“తాళం వేసి ఉంచితే బాగుందా మాస్టారూ? నిన్న తీసి చూశాను. ట్యాపు తిరగట్లేదు. సాలీళ్లు కాపురం పెట్టాయి.” అతను జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. “పెద్దక్క ఆరేళ్ల కిందట నన్ను అడిగింది. ఇది జేబులోనే ఉంది. లేదన్నాను. తీర్మానం గుర్తొచ్చి కాదు. పెళ్లివారు ఏమనుకుంటారో అని.”

అయ్యగారు తాళంచెవి వైపు చూశారు గాని ముట్టుకోలేదు. “ఇంకెవరికైనా ఇంకేమైనా తోస్తోందా?” అని మాత్రం అడిగారు. ఎవరికీ తోచలేదు. ఎవరూ చేతులెత్తకుండానే, ఓట్లు లెక్కపెట్టకుండానే అది తేలిపోయింది.

అప్పుడు టైలరమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది. “రోజూ కడగాలి కదా. ఆ పని పెద్దక్కకే ఇద్దాం. పాపం, నాలుగు రాళ్లు వస్తాయి.” అందరికీ అది ఎంతో న్యాయంగా వినిపించింది. బైండరుకి కూడా. మాస్టారు ముగింపు ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థనకి అన్నం చల్లారుతుందని పేరు. ఆ రోజు మాత్రం నాలుగు ముక్కల్లో ముగించారు.

ఆదివారం పొద్దున ఆరింటికి టైలరమ్మ, బైండరు గేటు దగ్గర ఎదురుచూశారు. బండి ప్రహరీ దగ్గర ఆగగానే టైలరమ్మ ముందుకెళ్లి విషయం చెప్పింది. పెద్దక్క చీపురు ఆనించి, నమ్మీనమ్మనట్టు ఇద్దరి వంకా చూసి, వాళ్ల వెనక నడిచింది. బైండరు తాళం తీశాడు. ఆమె గడప దగ్గరే నిలబడి తలుపు లోపలికి, బయటికి ఆడించి చూసింది. తలుపు లోపలి వైపు అరచేత్తో తడిమింది.

“లోపల గడియేది?”

బైండరు చూశాడు. బయట పెద్ద తాళం వేలాడే కొక్కెం ఉంది. లోపల నాలుగు మేకు చిల్లులు ఉన్నాయి, గడియ లేదు. ఎప్పుడు ఊడిపోయిందో ఎవరికీ తెలీదు. పెళ్లివారు ఆ రోజు ఎలా సర్దుకున్నారో.

“పెట్టిస్తాం పెద్దక్కా” అంది టైలరమ్మ. “ఇంకో మాట. రోజూ కడగడం నువ్వే చూసుకో. ఊరికే వద్దు, నెలకింత అని ఇస్తాం.”

పెద్దక్క తలుపు మీద చెయ్యి తీసింది. కోపం లేదు. అలసట కూడా లేదు. రోజూ చూసే చెత్తే మళ్లీ కనబడినట్టు చూసింది.

“నేను వాడుకోడానికి అడిగాను టైలరమ్మా. కడగడానికి అడగలేదు.”

“తప్పుగా అనుకోకు. నీకు తెలిసిన పనే కదా అని.”

“తెలుసు కాబట్టే చెబుతున్నాను. ఊరంతా ఊడ్చేది మేమే. ఇక్కడికొచ్చినా మా చేతికి చీపురే ఇస్తారా? ఒక్క చోటైనా మామూలుగా వచ్చినవాళ్లలా వచ్చిపోనివ్వండి.” మెట్టు దిగి, వెనక్కి తిరిగి అంది, “శుభ్రంగానే వాడతాంలే. మురికి అంటే ఏంటో మాకు చెప్పక్కర్లేదు.”

ఆమె వెళ్లాక టైలరమ్మ మెడలోని టేపు రెండు చేతులతో లాగి పట్టుకుని అక్కడే నిలబడింది.

“రాత్రి ఎంత బాగా నిద్రపోయానో తెలుసా” అంది. “మంచి పని చేశానని.”

“నేనూ అంతేనమ్మా” అన్నాడు బైండరు.

ఆ ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు జరిగిందంతా చెప్పారు. పెద్దక్క అన్న మాట కూడా యథాతథంగా చెప్పారు. మందిరం గోడ మీద, ఆరాధనలో బైబిలు పాఠాలు చదివేవాళ్ల పట్టిక ఉంటుంది. దాని పక్కనే ఒక కాగితం అంటించి, పైన ‘బాత్రూం కడిగేవారు’ అని రాసి, ఏడు గళ్లు గీసి, దారానికి పెన్ను వేలాడదీశారు. పాఠాల పట్టిక మీద పేరు కోసం పండగ నెలల్లో తోసుకునేవాళ్లు ఈ కాగితం ముందు కొంచెం ఎడంగా నిలబడ్డారు. ఒకాయన దాన్ని రెండుసార్లు చదివాడు, మూడో అర్థం ఏదైనా ఉందేమో అన్నట్టు.

బైండరు వెళ్లి సోమవారం గడిలో తన పేరు రాశాడు. పెన్ను వదలకముందే భార్య అందుకుని మంగళవారం రాసింది. టైలరమ్మ బుధవారం, గురువారం రెండూ రాసుకుంది. మాస్టారు శనివారం రాసి, బైండరు చెవి దగ్గరికి వచ్చి అడిగారు.

“ఫినాయిలు బకెట్టుకి ఎన్ని మూతలు పొయ్యాలయ్యా? కరెక్టుగా చెప్పు.”

“సీసా మీద రాసుంటుంది మాస్టారూ.”

“చదువుతాను. ఇంట్లో ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు, అదీ.”

వెనక బల్లలోంచి ఒక ముసలమ్మ కర్ర ఊతంతో వచ్చి ఆదివారం గడిలో వేలిముద్ర వెయ్యనా అంది. అయ్యగారు ఆమె పేరు రాసిపెట్టి, మిగిలిన ఒక్క గడి చూసుకున్నారు.

“శుక్రవారం. నా ఉపవాసం రోజు” అన్నారు. “మంచిదే” అని రాసేసుకున్నారు.

వరసగా రెండో ఆదివారం కూడా బైండరు పని ముట్టాడు. మధ్యాహ్నం ట్యాపు విప్పి వాషరు మార్చాడు. పాత చిల్లుల్లో పుల్లలు కొట్టి, వాటి మీద కొత్త గడియ బిగించి, లోపల నిలబడి పదిసార్లు వేసి తీశాడు. తర్వాత సామాన్ల గది తలుపు వెనకనుంచి ఆ చీపురు తీశాడు. పుల్లలు అరిగి పిడికెడయ్యాయి; ఈ మధ్య బూజు దులపడానికే వాడుతున్నారు. కర్ర మాత్రం గట్టిగానే ఉంది. ఆమె చెయ్యి పడే చోట చుట్టిన ఎర్రగుడ్డ నల్లబడి పేలికలయింది. కర్ర ఇంటికి తీసుకెళ్లి కొత్త పుల్లలు కట్టాడు. చీపురు కట్టడం అతనికి రాదు. దారం బిగించడం వచ్చు. మైనం పట్టించిన దారంతో, లావు పుస్తకం వెన్నుకి కట్టినట్టు, వరస మీద వరస బిగించాడు. పట్టు దగ్గర, పుస్తకాల అట్టలకి వాడే కొత్త ఎర్ర కాలికో గుడ్డ జిగురు పెట్టి చుట్టి, దాని మీద కూడా దారం వేశాడు. భార్య చూసి, “అట్ట కూడా వేస్తారా దానికి?” అంది.

సోమవారం అయిదింటికే గేటు తెరిచాడు. బాత్రూం నేల కడిగాడు, గోడలు తుడిచాడు, బకెట్టు నింపాడు. తలుపు వారగా తీసి ఉంచి, తాళం తీసేసి, చెవితో సహా సామాన్ల గది అరలో పడేశాడు. గేటు దగ్గరికి వచ్చి వీధి వైపు నిలబడ్డాడు.

బండి వచ్చింది. ముందు చిన్నది వెళ్లింది. తర్వాత మిగతా ఇద్దరు. చివరికి పెద్దక్క చీపురు గోడకి ఆనించి లోపలికి నడిచింది. అతను తల తిప్పలేదు. వెనక నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత నీళ్ల చప్పుడు.

ఆమె తిరిగొచ్చి, బండిలోంచి సీసా తీసి, తలెత్తి తాగింది. సగం సీసా అయ్యేదాకా దించలేదు. మూతి తుడుచుకుంటుంటే అతను గేటు వెనక నుంచి చీపురు తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు.

“పెద్దక్కా” అన్నాడు. నోటికి ఆ పిలుపు కొత్తగా ఉంది. “ఇది నీదే. ఆరేళ్లయింది. ఆ రోజు తాళంచెవి నా దగ్గరే ఉంది.”

“తెలుసులే” అంది ఆమె. “జేబు మీద చెయ్యేసుకుని మరీ లేదన్నారు. అలా ఎవరంటారండీ.”

బైండరు చెయ్యి అప్పుడు కూడా జేబు దాకా వెళ్లింది. జేబు ఖాళీగా ఉంది. ఆమె అది చూసి నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఆరేళ్లలో ఈ విషయంలో నవ్వు వస్తుందని అతను అనుకోలేదు.

ఆమె చీపురు అందుకుని, ఎర్రగుడ్డ మీద వేళ్లు ఆనించి బరువు చూసింది. దారం వరసలు గోటితో గీకింది. ఒక్కటీ కదల్లేదు.

“ఎవరు కట్టారు?”

“నేనే.”

“చీపురు కట్టినట్టు లేదు” అంది. గేటు ముందు నేల మీద ఒక విసురు విసిరి చూసింది. దుమ్ము గీత గీసినట్టు జరిగింది. తను రోజూ వాడే చీపురు తీసి బండిలో పడేసి, దీన్ని భుజాన వేసుకుని మార్కెట్టు వీధి వైపు కదిలింది.